నవారు మడతలో ఎర్రచుక్క

కే.జీ.కండిగై సంతలో వంకాయలు బేరమాడుతున్న మనిషి బేరం తెగకముందే కుప్పకూలాడు.

గుణ అక్కడికి చేరేసరికి ప్రాణం పోయింది. సంచి ఒరిగి, ఏరిన వంకాయలు మట్టిలో దొర్లుతున్నాయి. కూరగాయలమ్మే వళ్ళియమ్మ చెంబులో నీళ్ళు పట్టుకుని, వాటిని ఏం చేయాలో తెలియనట్టు నిలబడి ఉంది.

"ఏం జరిగింది వళ్ళియమ్మక్కా?"

"లేతవి చూసి ఏరుకుంటా ఉండినాడప్పా. వెనక ఎవురో గొడుగేసుకోని పోయినారు. ఈయన మెడ రుద్దుకున్నాడు. 'ఏమక్కా, పట్టపగలే దోమలా' అని నవ్వినాడు. అంతే. గుండెపోటు అంటా ఉండారు."

"గొడుగేసుకున్నది ఎవరు?"

"ఈ ఎండలో గొడుగేసుకోనిది ఎవురు?"

గుణ మోకాళ్ళ మీద కూర్చుని శవం తల సర్దుతున్నట్టు చెయ్యి పెట్టాడు. చెవి కింద చిన్న ఎర్రటి పొక్కు ఉంది. దోమ కుట్టినంతే. కానీ పొక్కు నడుమ సూది దిగిన గుంట కనిపిస్తోంది. చొక్కా ముంజేతుల దగ్గర చిమ్మట కొట్టినట్టు చిల్లులు. అంచు పట్టుకుంటే గుడ్డ అప్పడంలా పొడి అయింది. బ్యాటరీ నీళ్ళు పడి ఉంటాయి, వ్యాను డ్రైవరు కదా అనుకుని గుణ ఆ సంగతిని పక్కన పెట్టేశాడు.

చనిపోయినవాడి పేరు ముకేశ్. తిరువళ్లూరులో స్ట్రెచర్లకు పట్టీలు కుట్టే ఒక కంపెనీలో వ్యాను నడుపుతాడు. ఆ కంపెనీ నుంచి నౌకాదళానికి పోయే సరుకంతా అతని బండిలోనే పోతుంది. ముందురోజు గుణకు ఫోన్ చేశాడు. "అన్నా, ఇది ఫోన్లో చెప్పేది కాదు. కండిగై సంతకు రా. నేను చేసింది నాకే నచ్చలేదు" అన్నాడు. ఏం చేశాడో చెప్పే యోగం వాడికి లేకపోయింది.

గుణ లేచి పంచె దులుపుకున్నాడు. తిరువళ్లూరు బజారులో అతనికి నవారు అంగడి ఉంది. మంచాలకు అల్లే పట్టీల నుంచి లారీలకు బిగించే బెల్టుల దాకా, అడ్డంగా నేసి పొడుగ్గా అమ్మే సరుకు ఏదైనా అక్కడ దొరుకుతుంది. ఊరికి తెలిసిన గుణ అంతవరకే. రక్షణ శాఖలో ఎవరూ పేరెత్తని ఒక విభాగంలో మాత్రం అతను ఏజెంట్ గజం.

వ్యాపారిగా అతనికి ఒక అలవాటుంది. పొద్దున లేస్తే మనసులో త్రాసు వేలాడుతుంది. ఎవరు కలిసినా, ఏ మాట విన్నా, ఈ పక్క ఏమి, ఆ పక్క ఏమి అని తూచుకుంటాడు. ఈ పూట ఒక పక్క ముకేశ్ శవం పడింది. రెండో పక్క పెట్టడానికి అతని దగ్గర ఏమీ లేదు.

*

తిరుత్తణి కొండ మెట్ల దగ్గర కావడి దించుకుని ఒక భక్తుడు మజ్జిగ తాగుతున్నాడు. బోడిగుండు, గుండు నిండా గంధం, పసుపుపచ్చ పంచె. గుణ పక్కన కూర్చుని చెప్పులు విప్పాడు.

"సామీ, ఈ పచ్చబట్ట రంగు నిలిచేదేనా?"

"సముద్రం నీళ్ళలో ఉతికినా నిలుస్తుంది."

కోడ్ సరిపోయింది. భక్తుడి పేరు తంగరాజు. విభాగానికి పెద్ద.

"గుండు కూడా మారువేషమేనా సార్?"

"గుండు మా ఇంటావిడ మొక్కు. డిపార్ట్‌మెంటుకు ఉచితంగా ఇచ్చినాను." తంగరాజు గ్లాసు కింద పెట్టాడు. "ముకేశ్ సంగతి తెలిసింది. ఇప్పుడు విను. ఎక్సర్‌సైజ్ పేరు సాగరహస్తం. రేపు పొద్దున, నడి సముద్రంలో. గాయపడినవాణ్ని ఓడ డెక్ మీద నుంచి వించ్‌తో హెలికాప్టర్‌లోకి లాగాల. గాల్లోనే వైద్యం మొదలుపెట్టి ఒడ్డుకు చేర్చాల. క్యాజువాల్టీ ఎవాక్యుయేషన్. చూసేదానికి చుట్టుపక్కల దేశాల మిలిటరీ డాక్టర్లు వస్తా ఉండారు."

"చూసి?"

"నచ్చితే వాళ్ళ మనుషులకు ట్రైనింగు మన దగ్గరే. ఎవరి దగ్గర ట్రైనింగో వాళ్ళ రేవుల్లోనే ఓడలు ఆగుతాయి. ఎవరి రేవులో ఓడ ఆగితే వాళ్ళతోనే స్నేహం. ఇంకో దేశం ఈ బేరం కోసం ఎదురుంగా అంగడి తెరిచి కూర్చోని ఉండాది. వాళ్ళ ముఠా పేరు శంఖం."

గుణకు ఇక వివరించాల్సిన పని లేదు. కొనేవాడు గుమ్మంలో నిలబడి ఉండగా మన సరుకు వాడి కళ్ళ ముందే చినిగితే చాలు. ఎదురంగడివాడు నోరు విప్పనక్కర లేదు.

"ప్లాన్ ఏంది సార్?"

"శంఖం లోపల మన మనిషి ఉండాది. ఏజెంట్ కలువ. అసలు పేరు తనుశ్రీ. మెడికల్ పరికరాల కంపెనీలో డెమో చూపించే పని. ఆమె రిపోర్టు: స్ట్రెచర్‌కు తగిలించే హార్ట్ మానిటర్‌లో జామర్ పెడతారంట. హెలికాప్టర్ సరిగ్గా పైన నిలబడినప్పుడు పైలట్ రేడియో, ఎత్తు చూపించే మీటరు రెండూ గుడ్డివైపోతాయి. నువ్వు పట్టీల సప్లయరుగా ఓడెక్కుతావు. ఇది పట్టుకో."

అది బట్టల అంగట్లో వాడే కొలత టేపు. దొంగ సిగ్నల్ ఎక్కడున్నా దాని డబ్బీ చేతిలో వణుకుతుంది. పక్క బటన్ నొక్కితే గోరంత బ్లేడు బయటికి వస్తుంది.

"ఇంకొక్క మాట." తంగరాజు కావడికి కట్టిన నెమలి ఈకలు సర్దుతూ, ముఖం చూడకుండా అన్నాడు. "స్ట్రెచర్ మీద బొమ్మను పెట్టడం లేదు. చూసేవాళ్ళు మనిషినే అడిగినారు. నేవీ ఆసుపత్రి నర్సింగ్ ఆఫీసర్ ఒకామె తానే ముందుకొచ్చింది. లెఫ్టినెంట్ నివేద."

గుణ చేతిలో టేపు డబ్బీ వణికింది. దొంగ సిగ్నల్ ఏదీ దగ్గర్లో లేదు.

నివేద అతని అక్క తిరుమలమ్మ కూతురు.

"ఆపేయండి సార్."

"ఆపితే కలువను వాళ్ళు బతకనియ్యరు. ఇంకో పొద్దు ఇంకో ఓడ మీద ఇదే పని చేస్తారు. అప్పుడు మనకు చెప్పేవాళ్ళు ఉండరు."

"ఆ పిల్లకు చెప్పచ్చా?"

"వద్దు. ఇంట్లో కూడా."

తంగరాజు లెక్కలో తప్పు లేదు. తప్పు లేని లెక్కకు గుణ జీవితంలో మొదటిసారి భయపడ్డాడు.

*

బావ శివప్రకాశం మగ్గాల షెడ్డు తిరుత్తణి పొలిమేరలో ఉంది. తాతల నాడు చీరలు నేసిన కుటుంబం. చీరలు కూడు పెట్టడం మానేసినాక శివప్రకాశం పట్టీలు నేసే కరెంటు మగ్గం కొన్నాడు. ఇప్పుడు నైలాన్ నవారు నేస్తాడు. స్ట్రెచర్ కంపెనీకి ఆ నవారు కుదిర్చింది గుణే. నాణ్యమైన సరుకు, నమ్మకమైన మనిషి అని తానే గ్యారంటీ పడ్డాడు.

గుణ వెళ్ళేసరికి కొత్త పడుగు ఎక్కించి, శివప్రకాశం మొదటి పట్టీ నేస్తున్నాడు. తిరుమలమ్మ చిన్న గిన్నెలో పసుపూ సున్నమూ కలిపి తెచ్చింది. రెండూ కలిసి నెత్తుటి రంగు తిరిగాయి. శివప్రకాశం ఉంగరపు వేలితో అద్ది, పట్టీ మొదలైన చోట ఒక చుక్క పెట్టాడు. కొలత అందినాక మళ్ళీ ఇంకొక చుక్క. అతని చేతిలో ఏ పట్టీ మొదలైనా ఆ చుక్క లేకుండా మొదలు కాదు.

"కంపెనీవాళ్ళు మరకలు అని తిట్టలేదా బావా?"

"తిట్టినారు. అందుకే కుట్టుబడి మడత లోపలికి పోయే చోట పెడతా ఉండాను. వాళ్ళ కంటికి కనపడదు, నా మనసుకు కనపడతాది."

"మిలిటరీ సరుక్కు బొట్టు పెట్టేవాడివి నువ్వొక్కడివే."

"వాళ్ళు మనుషులు కాదేంది? ఎవరి బిడ్డ దీని మీద వేలాడతాదో మనకు తెలుసునా. బొట్టు పెడితే నాకు పోయేదేముంది?"

గుణ ఆ చుక్క మీద నుంచి చూపు తిప్పుకున్నాడు. తిరుమలమ్మ తమ్ముడి ముఖం చూసింది.

"ఏంరా, ముఖం అట్లుండాది? యాడన్నా సరుకు మునిగిందా?"

"లేదక్కా. ఎండ."

"నివేద ఫోన్ చేసింది. రేపు సముద్రం మీద ఏందో పరీక్ష అంట. ఏం పరీక్ష అంటే చెప్పదు. మేనమామ పోలిక, నోరు తెరవదు. నీకేమన్నా తెలుసునా?"

"నవారు అమ్ముకునేవానికి నేవీ సంగతులు ఎవరు చెప్తారక్కా."

తిరుమలమ్మ కాఫీ తేవడానికి లోపలికి పోయింది. అక్కకు అబద్ధం చెప్పడం అతనికి కొత్త కాదు, వృత్తే అది. కానీ ఈసారి చెప్పిన అబద్ధం వెంటనే తిరిగి తన మీదే పడ్డట్టు అనిపించింది. రేపు ఏదైనా జరిగితే లోకం జామర్ గురించి మాట్లాడదు. తండ్రి నేసిన పట్టీలు, మేనమామ అమ్మిన పట్టీలు, వాటి మీద పోయిన పిల్ల అంటుంది. ఈ షెడ్డులో మగ్గం ఇక ఆడదు. కాఫీ రాకముందే అతను లేచి వెళ్ళిపోయాడు.

*

మర్నాడు పొద్దున ఎయిర్ బేస్‌లో తనుశ్రీ అతనికోసమే ఎదురుచూస్తోంది. లేత నీలం సల్వార్, తెల్లటి చేనేత చున్నీ, చంకలో ముడిచిన గొడుగు. ఎంత ఎండలోనైనా చెమట పట్టని రకం మనిషి. ఆమె నడిచి వస్తుంటే గేటు దగ్గర సెంట్రీ కాగితం తలకిందులుగా పట్టుకుని చదివాడు.

"సప్లయర్ గారూ, రంగు నిలిచేదేనా?"

"సముద్రం నీళ్ళలో ఉతికినా నిలుస్తుంది."

ఆమె నవ్వి, గొడుగును గేటు గదిలో అప్పగించి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి అగ్గిపెట్టెంత నల్లటి డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది. గుణ జేబులో టేపు గిలగిల్లాడింది.

"జామర్. మానిటర్‌లోంచి నేనే తీసేశాను. మీకు శ్రమ లేకుండా."

"వాళ్ళకు అనుమానం రాదా?"

"డమ్మీ పెట్టాను. ఇప్పుడంతా క్లీన్. మీరు కావాలంటే స్ట్రెచర్‌ను టేపుతో చూసుకోండి."

నల్ల డబ్బా మీట ఆపేసి, చూసుకున్నాడు. స్ట్రెచర్ మీద టేపు నిశ్శబ్దంగా ఉంది. పట్టీల మీద కంపెనీవాళ్ళ బరువు పరీక్ష ముద్ర ఉంది. అన్నీ సరిగానే ఉన్నాయి. రిపోర్టు రాస్తే సంతకం పెట్టవచ్చు.

అయినా త్రాసు ముల్లు నిలవలేదు. బజారులో ఇన్నేళ్ళు కూర్చున్నవాడికి ఒక సంగతి ఒంట్లో పట్టి ఉంటుంది. అడగకముందే ధర తగ్గించినవాడు ఆ సరుకులో ఒక వైపు నీకు చూపించడం లేదు. తనుశ్రీ అడగకుండానే ఇచ్చింది. నవ్వుతూ ఇచ్చింది. ఆ నల్ల డబ్బా వైపే అందరూ చూడాలని ఇచ్చిందా? అయితే చూడకూడనిది ఏది?

జవాబు దొరకకముందే హెలికాప్టర్ లేచింది. గుణకు అదే మొదటి ప్రయాణం. కింద చెరువులు అద్దం ముక్కల్లా మెరిసి వెనకబడ్డాయి, నేల అయిపోయింది, నీళ్ళు మొదలయ్యాయి. ఎదురు సీట్లో తనుశ్రీ విదేశీ డాక్టర్లకు మానిటర్ పనితనం వివరిస్తోంది. గుణ తన జేబులోని జామర్‌ను తడుముకున్నాడు. బరువు లేదు. ముకేశ్ ప్రాణం తీసింది ఇంత తేలికైన సరుకు కోసమా? వాడు పట్టీలు మోసే డ్రైవరు. వాడికి మానిటర్‌తో సంబంధమేముంది?

నేను చేసింది నాకే నచ్చలేదు అన్నాడు ముకేశ్. అతను చేసే పని పట్టీలు తీసుకుపోవడం ఒక్కటే.

*

ఓడ డెక్ మీద గాలి ఉప్పగా కొడుతోంది. అతిథులు పసుపు గీత వెనక వరుసగా నిలబడ్డారు. తంగరాజు తెల్లటి యూనిఫాంలో, గుండు మీద టోపీ బిగించి, వాళ్ళ పక్కన ఉన్నాడు. టోపీ అంచు కింద గంధం ఇంకా కనబడుతోంది.

నివేదను స్ట్రెచర్ మీద పడుకోబెట్టి పట్టీలు బిగించారు. నుదుటికి రంగు నెత్తురు పూశారు. మేనమామను చూసి ఆమె కళ్ళు పెద్దవి చేసింది.

"మామా? నువ్వు యాడ ఈడ?"

"పట్టీలు నావి కదమ్మా. చూసుకుంటా ఉండాను."

"అంగడి ఎవరు చూస్తా ఉండారు?"

"మూసి పెట్టినాను."

"నువ్వా? అంగడి మూసినావా?" ఆమె నవ్వింది. "అయితే నేను చాలా పెద్ద పేషెంటునే. అమ్మకు చెప్పద్దు, భయపడతాది."

అతను తల ఊపాడు. ఆ పిల్లకు మొదటి ఫ్రాకు తెచ్చింది తానే. లెక్క తప్పి పెద్ద సైజు తెచ్చాడు. పెరిగినాక వేసుకుంటుందిలే అని అక్క ఓదార్చింది. పెరిగింది. ఇప్పుడు ఇక్కడ పడుకుని ఉంది.

నేవీ వాళ్ళు అందరినీ గీత వెనక్కి పంపారు. తనుశ్రీ చున్నీని లైఫ్ జాకెట్ లోపలికి దోపుకోమని ఒక నావికుడు చెప్పాడు. ఆమె దోపుకుంది. హెలికాప్టర్ ఓడ వెనకనుంచి వచ్చి డెక్ పైన నిలబడింది. శబ్దం మాటలను మింగేసింది. గాలి మనుషులను వెనక్కి తోసింది. పైనుంచి వించ్ తాడు దిగింది, చివర కొక్కెం ఊగుతోంది.

ఆ గాలికి తనుశ్రీ చున్నీ చివర జాకెట్ లోంచి ఊడి బయటికి వచ్చింది. ఆమె పట్టుకుని లాగింది. చున్నీ చినగలేదు. పొడి అయింది. అంచు పొడుగునా గుప్పెడు తెల్లటి నుసిగా ఎగిరిపోయింది.

గుణ ఆ నుసిని చూశాడు. అలాంటి నుసి నిన్న కండిగై సంతలో తన వేళ్ళ మధ్య చూశాడు.

యాసిడ్ చుక్క పడ్డప్పుడు గుడ్డ మీద మరక కూడా కనిపించదు. ఎండినాక ఏమీ జరగనట్టే ఉంటుంది. లాగినప్పుడే దాని సంగతి తెలుస్తుంది. ఆ నీళ్ళు నూలునే కాదు, నైలాన్‌నూ తింటాయి. బ్యాటరీ అంగడి పక్కన నవారు దించవద్దని హమాలీలను రోజూ తిట్టేవాడు తనే. ముకేశ్ చొక్కా మీదవి వ్యాను బ్యాటరీ నీళ్ళు కావు. పరీక్ష ముద్ర పడ్డాక, కంపెనీ నుంచి బేస్‌కు పోయే దారిలో, వ్యాను ఎక్కడో ఆగింది. పట్టీలు నీళ్ళు కలిపిన యాసిడ్‌లో మునిగి, ఆరి, మళ్ళీ బండెక్కాయి. ముంచింది ముకేశ్. పక్కన నిలబడి చూసిన మనిషి చున్నీ మీద చుక్కలు చిందాయి.

జామర్ ఎర. అందరూ డబ్బా వైపు చూశారు.

గుణ గీత దాటి పరుగెత్తాడు.

స్ట్రెచర్ నాలుగు పట్టీలూ ఒక ఉంగరానికి చేరుతాయి. కొక్కెం అప్పటికే ఆ ఉంగరంలో పడింది. గుణ ఒక పట్టీ చివర పట్టుకుని టేపు బటన్ నొక్కాడు. గోరంత బ్లేడు మడత కుట్లను తెంపింది. మడత విప్పి చూశాడు.

బావ పెట్టిన చుక్క ఉంది. ఎర్రగా లేదు. లేత పసుపుపచ్చగా ఉంది.

దిష్టినీళ్ళలో నిమ్మకాయ పిండితే ఎరుపు విరిగి పసుపు తేలడం ఇంట్లో ప్రతి పిల్లా చూసేదే. ఆ పని ఇక్కడ నిమ్మకాయ చేయలేదు.

"ఆపండి" అని అరిచాడు. అతని గొంతు అతనికే వినిపించలేదు. డెక్ ఆఫీసర్ బొటనవేలు పైకి చూపించాడు. తాడు బిగిసింది. స్ట్రెచర్ డెక్ మీద నుంచి లేచింది. ఇద్దరు నావికులు గుణ నడుం పట్టుకుని వెనక్కి లాగారు.

అప్పుడు అతను తన జీవితంలోకెల్లా చిన్న లెక్క వేశాడు. ఈ పట్టీ ఒక్క మనిషిని కొంత ఎత్తుకు మోస్తుంది. పైన గాలికి ఊగి, కుదుపు తగిలినప్పుడు తెగుతుంది. అప్పటికి కింద సముద్రం ఉంటుంది. చేతులూ కాళ్ళూ కట్టేసిన పిల్ల స్ట్రెచర్‌తో సహా మునిగిపోతుంది. తెగాల్సిన సరుకు తెగక మానదు. తెగేదేదో ఇక్కడే తెగాలి.

నావికుల చేతులు విదిలించుకుని ఎగిరి స్ట్రెచర్ అంచు పట్టుకున్నాడు. ఒళ్ళంతా వేలాడదీసి కుదిపాడు. నివేద భయంతో అతన్నే చూస్తోంది. స్ట్రెచర్ మనిషి ఎత్తు దాటింది. ఇంకొకసారి కుదిపాడు. ఏమీ కాలేదు. డెక్ అంచు దగ్గరపడుతోంది, దాని అవతల నీళ్ళు నల్లగా లేస్తున్నాయి. ఒక్క క్షణం అతనికి తన లెక్కే తప్పేమోననిపించింది. బావ చేతి నేత అంత గట్టిదా అని తిట్టుకుంటూ, కాళ్ళు ముడిచి, మూడోసారి బరువంతా కిందికి విసిరాడు.

పట్టీ తెగింది. తర్వాత రెండోది. మిగిలినవి గోనెసంచి కుట్టు విడిపోయినట్టు వరుసగా విడిపోయాయి.

గుణ డెక్ అంచు మీద వెల్లకిలా పడ్డాడు. స్ట్రెచర్ అతని భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు మాత్రం ఆ హోరులో కూడా అతనికి వినిపించింది.

*

హెలికాప్టర్ పక్కకు తప్పుకుని చుట్టూ తిరుగుతోంది. నివేద పట్టీలు ఊడదీసుకుని లేచి, మోకాళ్ళ మీద కూర్చుని గుణ భుజం తడిమింది. ఆమె నుదుటి మీది రంగు నెత్తురు అతని చొక్కాకు అంటుకుంది.

"మామా, కదలద్దు. కాలర్ ఎముక పోయింది. నీకేమన్నా పిచ్చా?"

"నీకు దెబ్బ తగిలిందా?"

"మోచెయ్యి గీరుకుంది. నువ్వు కదలద్దంటే కదలద్దు."

గీత దగ్గర తనుశ్రీ మెల్లగా వెనక్కి జరుగుతోంది. తంగరాజు చెయ్యి ఆమె ముంజేతిని పట్టుకుంది. చూసేవాళ్ళకు గాలికి తూలిన అతిథిని ఆపినట్టే ఉంది.

"గొడుగు గేటు దగ్గర వదిలేసినావే, పాపా. దాని మొనలో సూది ఉండాదని ఇప్పుడే వాళ్ళు రేడియోలో చెప్పినారు."

"ఇన్నాళ్ళు మీకు రిపోర్టులు ఇచ్చాను. ఒక్కటైనా తప్పా?" ఆమె గొంతు తొణకలేదు.

"లేదు. అన్నీ నిజమే. ఈ ఒక్క అబద్ధం అమ్మడానికి ఇన్ని నిజాలు ఉచితంగా ఇచ్చినావు."

ఆమె గుణ వైపు చూసింది. "అతనికి ఎలా తెలిసింది?"

"ఏమో. నవారు వ్యాపారి కదా. తెగే సరుకు వాసన వస్తుందేమో."

విదేశీ డాక్టర్లు ముఖాలు చూసుకుంటున్నారు. వాళ్ళ చూపుల్లో బేరం జారిపోతోంది. తంగరాజు టోపీ సవరించుకుని మైకు అందుకున్నాడు. ఇంగ్లీషులో, నెమ్మదిగా, ముందే రాసి పెట్టుకున్నట్టు చెప్పాడు. యుద్ధంలో పరికరం కూడా గాయపడుతుంది. సహాయం చేయడానికి వచ్చినవాడూ గాయపడతాడు. మేము ఇచ్చే శిక్షణ అలాంటి పూట కోసమే. ఇప్పుడు డెక్ మీద నిజమైన క్షతగాత్రుడు ఉన్నాడు. దయచేసి చూడండి.

తర్వాత జరిగింది ఎవరూ నటించాల్సిన పని లేకుండా జరిగింది. ఓడ స్టోరు నుంచి పాత స్ట్రెచర్ వచ్చింది. ఇందాకటి పేషెంటే ఇప్పుడు నర్సు. నివేద మేనమామ చెయ్యిని ఛాతీకి కట్టింది, ఇంజెక్షన్ ఇచ్చింది, నలుగురితో ఒక్క కుదుపు లేకుండా ఎత్తించింది. డాక్టర్లు పసుపు గీత మీదికి వంగి చూస్తున్నారు. ఒకాయన తలపండిన మనిషి, ఆ చేతుల పని చూసి పక్కాయనతో ఏదో అని తల ఊపాడు. ఆ తల ఊపు గుణకు తెలుసు. కొనేవాడి తల అది.

నివేద వంగి అతని చెవి దగ్గర నోరు పెట్టింది.

"మామా, నిజం చెప్పు. నవారు అమ్మేవాడు నడి సముద్రంలోకి ఎందుకు వచ్చినాడు?"

"గ్యారంటీ ఇచ్చినాను కదమ్మా. సరుకు వెంట రావాల."

ఆమె నమ్మలేదు. ఇంక అడగనూ లేదు. ఆ పోలిక ఎక్కడిదో తిరుమలమ్మకు తెలుసు.

ముకేశ్ సంగతి గుణకు గుర్తొచ్చింది. కండిగై సంతలో వాడు ఏరుకున్న వంకాయలు. భయపడి కూడా చెప్పడానికి వచ్చిన మనిషి. వాడి చొక్కా అంచు నిన్ననే నిజం చెప్పింది, తాను వినలేదు. త్రాసు రెండో పక్క ఏం పెట్టినా సరితూగదు. కొన్ని లెక్కలు అలాగే మోయాలి.

హెలికాప్టర్ మళ్ళీ పైన నిలబడింది. గాలి మొదలైంది. కొక్కెం దిగుతోంది. నివేద ఉంగరాన్ని చేత్తో ఎత్తి పట్టుకుంది. గుణ మంచి చెయ్యి చాపి టేపు డబ్బీ ఆమెకు ఇచ్చాడు.

"ఈ పట్టీలు ఎవరివి?"

"పాత సరుకు మామా. నాయన నేసిందే. ఎందుకు?"

"బటన్ నొక్కు, బ్లేడు వస్తాది. చివర మడతలో రెండు కుట్లు తెంపి చూడు. నాయన బొట్టు ఏ రంగులో ఉండాది?"

ఆమె అతన్ని వింతగా చూసి, కుట్లు తెంపి, మడత విప్పింది.

"ఎర్రగానే ఉండాది."

గుణ కళ్ళు మూసుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఈ నవారు లారీలు మోస్తుంది, మంచాలు మోస్తుంది, మనుషుల్ని మోస్తుంది అని ఎంతమందికో ఒట్టేసి అమ్మాడు. తన ఒంటిని మాత్రం ఎప్పుడూ దాని మీద పెట్టి చూడలేదు.

"సరే, ఎత్తమను," అన్నాడు. "అయినా మిగిలిన మూడు పట్టీలు కూడా ఒకసారి చూడమ్మా."